జనరల్ జీవితకథను చావు దగ్గర్నుంచి చదవడం ఎలా

రోమెల్ మీద పుస్తకం ఒకటి మన విశాఖలోనే ఫుట్‌పాత్ మీద 80 రూపాయలకు కొన్నాను. రోమెల్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో, ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఇంగ్లీషువాళ్లకు చుక్కలు చూపించిన జర్మన్ ఫీల్డ్ మార్షల్. ఆరు రాత్రులు కూర్చుని చదివాను. 1944 జూలై 17న ఫ్రాన్సులో ఆయన కారు మీద విమానం నుంచి కాల్పులు జరిగాయి, కారు అదుపు తప్పింది, పుర్రె చిట్లి రోడ్డు మీద పడున్నాడు. పేజీ తిప్పితే వెనక అట్ట! చివరి ఫారం, పదహారు పేజీలు, కుట్టు ఊడి ఎక్కడో రాలిపోయింది.

మర్నాడు అమ్మినాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చివర్లో ఏముంటదండీ, చచ్చిపోతాడు కదా" అన్నాడు. డబ్బు తిరిగివ్వలేదు.

రోమెల్ చనిపోయిన మాట నిజమే. ఎలా చనిపోయాడో ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలిసింది అని వెతకబోయేసరికి ఆర్నెల్లు పట్టింది. అప్పట్నుంచీ ఏ సేనాపతి జీవితకథ చేతికొచ్చినా ముందు చివరి అధ్యాయమే చదువుతున్నాను. ఈ పద్ధతి మీకూ పనికొస్తుందేమో చూడండి. ఉదాహరణలు ఎక్కువగా రోమెల్‌వే, నాకు బాగా తెలిసినవాడు కనక.

కొనే ముందు

పాత పుస్తకమైతే వెన్ను పట్టుకుని చివరి ఫారం ఉందో లేదో చూసుకోండి. మ్యాపులున్న పేజీలు, ఫొటోల పేజీలు చింపేసి ఉంటాయి, అవీ చూడండి. అసలు వెంటనే కొనకపోయినా నష్టం లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో గానీ, మీరు విద్యార్థులైతే యూనివర్సిటీ లైబ్రరీలో గానీ అరగంట కూర్చుంటే ఆ పుస్తకం కొనదగ్గదో కాదో తేలిపోతుంది.

తెలుగులో జనరళ్ల జీవితకథలు తక్కువ, ఇంగ్లీషులో చదవక తప్పదు. జంకకండి. యుద్ధం పుస్తకాల్లో చదువరిని విసిగించేది భాష కాదు, దళాల పేర్లు. ఒక చీటీ మీద ఇంత రాసుకుని పేజీల మధ్య పెట్టుకోండి: బెటాలియన్ అంటే ఎనిమిది వందల మంది అటూ ఇటూ. మూడు నాలుగు బెటాలియన్లు ఒక బ్రిగేడు. మూడు బ్రిగేడ్లూ, వాటికి ఫిరంగులూ ఇంజనీర్లూ కలిస్తే డివిజన్, పది పదిహేను వేల మంది. రెండు మూడు డివిజన్లు ఒక కోర్. ఈ నాలుగూ తెలిస్తే చాలు. అరవయ్యో పేజీలో "రెండు బెటాలియన్లు పోయాయి" అన్న వాక్యం వచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో ఏడుపులు లేచాయో లెక్క తెలుస్తుంది.

నిలబడి చదవాల్సిన మూడు చోట్లు

ఒకటి, ప్రచురణ సంవత్సరం ఉన్న పేజీ. రెండు, ముందుమాట. మూడు, వెనక ఉండే పేర్ల సూచిక. అట్ట మీది పొగడ్తల జోలికి పోకండి.

సంవత్సరం ఎందుకంటే, జనరల్ ఎప్పుడో చనిపోయినా ఆయన్ని మళ్లీ మళ్లీ బతికించే అవసరాలు మారుతుంటాయి. రోమెల్ మీద ఇంగ్లీషులో పేరుమోసిన మొదటి జీవితకథ 1950లో వచ్చింది. రాసినవాడు డెస్మండ్ యంగ్ అనే బ్రిటిష్ బ్రిగేడియర్. భారత సైన్యంలో పనిచేసినవాడు, 1942లో ఆ ఎడారిలోనే జర్మన్లకు ఖైదీగా చిక్కినవాడు. చిక్కినరోజున, ఒక జర్మన్ అధికారి ఆయన్ని ఇంకా కాల్పులు జరుపుతున్న బ్రిటిష్ వాళ్ల దగ్గరికి వెళ్లి లొంగిపొమ్మని చెప్పమన్నాడట. యంగ్ ససేమిరా అన్నాడు. ఇంతలో కారులో వచ్చిన రోమెల్ యంగ్ పక్షమే మాట్లాడి, ఖైదీని అలా బలవంతపెట్టకూడదన్నాడు. పుస్తకం ఈ సంఘటనతోనే మొదలవుతుంది. ఆ ఒక్క నిమిషం రాసినవాడి మనసులో ఎలా నాటుకుందో, మిగతా పుస్తకానికి రంగెక్కడిదో మీకు అక్కడే తెలిసిపోతుంది.

దానికి ముందుమాట రాసింది ఫీల్డ్ మార్షల్ ఆకిన్‌లెక్. 1942లో రోమెల్‌తో తలపడిన బ్రిటిష్ సేనాపతి. ఆ ఏడాది ఆగస్టులో చర్చిల్ ఆయన్ని పదవి నుంచి తప్పించాడు. తర్వాత భారత సైన్యానికి సేనాధిపతిగా వచ్చి 1947 దాకా ఉన్నాడు. మనల్ని ముప్పుతిప్పలు పెట్టినవాడు మామూలు మనిషి కాదు అని చెప్పుకుంటే ఎవరికి ఊరట? నేను ఆకిన్‌లెక్‌ను తప్పుపట్టడంలేదు, మంచి సైనికుడే. కానీ ముందుమాటలో ఎవరు కూర్చున్నారో చూసి, ఆయనకు ఈ కథ ఎలా ఉంటే బాగుంటుందో ఒక క్షణం ఆలోచించండి.

1953లో రోమెల్ కాగితాలు, ఇంటికి రాసిన ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి, సంపాదకుడు లిడెల్ హార్ట్. యుద్ధశాస్త్రం రాసే ఈ ఇంగ్లీషాయనకు, జర్మన్ జనరళ్లు తన సిద్ధాంతాలు చదివే గెలిచారని లోకం అనుకోవాలన్న ఆశ ఉండేదని తర్వాతి పరిశోధకులు ఎత్తిచూపారు. 1977లో డేవిడ్ ఇర్వింగ్ రాసినది వచ్చింది. డైరీలూ దస్తావేజులూ బాగా తవ్వాడు, చదివిస్తాడు కూడా. అయితే ఈయన చరిత్రను కావాలని వక్రీకరించాడని 2000లో లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. అది యూదుల ఊచకోతకు సంబంధించి, వేరే పుస్తకాల మీద. అయినా ఆ తీర్పు తెలిశాక ఈయన పుస్తకాన్ని ఒంటరిగా చదవలేం. పక్కన ఇంకొకటి తెరిచి పెట్టుకోవాలి.

ఇంకో సంగతి కూడా ఈ సంవత్సరాల లెక్కలో కలుపుకోండి. 1955లో పశ్చిమ జర్మనీ మళ్లీ సైన్యం పెట్టుకుంది. కొత్త సైన్యానికి హిట్లర్ మచ్చ అంటని పాత వీరుడు ఒకడు కావాలి. హిట్లర్ చేతిలో చచ్చినవాడికన్నా తగినవాడెవరు? బ్యారక్‌లకు రోమెల్ పేరు పెట్టారు. 1970లో నౌకాదళంలో చేరిన ఒక యుద్ధనౌకకూ పెట్టారు, నేవీ ఊరివాళ్లం గనక ఓడకు పేరు పెట్టడమంటే ఏమిటో మనకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చివరి అధ్యాయం

దీనికి మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోండి. రూళ్ల నోట్‌బుక్ తీసుకుని పేజీని నిలువునా మూడు గళ్లు చేయండి. మొదటి గడి "చూసినవాళ్లు". రెండోది "విన్నవాళ్లు". మూడోది "అలా చెప్పమని ఆజ్ఞ అందుకున్నవాళ్లు". అధ్యాయంలో ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక గడిలో వేయండి. ఏ గడిలోనూ ఇమడకపోతే అది రచయిత కల్పనేమోనని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

1944 అక్టోబర్ 14ను ఇలా విడదీద్దాం. ఉల్మ్ నగరం దగ్గర హెర్లింగెన్ అనే ఊళ్లో రోమెల్ ఇల్లు. మధ్యాహ్నం పూట బెర్లిన్ నుంచి ఇద్దరు జనరళ్లు, బుర్గ్‌డార్ఫ్, మైజెల్, వచ్చారు. జూలై 20న హిట్లర్ మీద జరిగిన హత్యాయత్నంలో నీకూ చెయ్యుందని ఆరోపణ ఉంది, విచారణకు వస్తావా, విషం తీసుకుంటావా అన్నారు. విషం తీసుకుంటే భార్యాబిడ్డల జోలికి రారు, ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు. రోమెల్ మేడెక్కి భార్య లూసీకి చెప్పాడు. తర్వాత పదిహేనేళ్ల కొడుకు మాన్‌ఫ్రెడ్‌కు చెప్పాడు. కిందికి దిగి, కోటు తొడుక్కుని, కారెక్కాడు. కారు కాస్త దూరం పోయి ఆగింది. మైజెల్‌నూ డ్రైవర్‌నూ దిగి దూరంగా వెళ్లమన్నారు. వాళ్లు తిరిగొచ్చేసరికి రోమెల్ వెనక సీట్లో కూలబడి ఉన్నాడు.

గళ్లలో వేయండి. ఇంటి గుమ్మం దాకా భార్య, కొడుకు, సహాయకుడు చూశారు. కారు ఆగే దాకా, మళ్లీ వెనక్కొచ్చాక డ్రైవర్ చూశాడు. ఆ మధ్య నిమిషాల్లో కారులో ఉన్నది బుర్గ్‌డార్ఫ్ ఒక్కడే. ఆయన 1945 మే మొదట్లో బెర్లిన్ బంకర్‌లో ప్రాణం తీసుకున్నాడు, ఏమీ రాసి పెట్టలేదు. అంటే చివరి క్షణానికి సాక్షి లేడు. ఇప్పుడు పుస్తకాల్లోకి వెళ్లండి. ఆ నిమిషాల్లో రోమెల్ ఏమన్నాడో, ఎటు చూశాడో వర్ణించిన రచయిత కనిపిస్తే ఆయన మీద నమ్మకం అక్కడే ఒక మెట్టు దించేయండి.

మూడో గడి నిండుగా ఉంటుంది. జూలైలో తగిలిన గాయాల వల్ల చనిపోయాడని జర్మన్ ప్రజలకు చెప్పారు. శవపరీక్ష జరగనివ్వలేదు. 18న ఉల్మ్‌లో పెద్ద ఎత్తున అంత్యక్రియలు, ఫీల్డ్ మార్షల్ రున్‌స్టెట్ సంతాప ప్రసంగం. ఆనాటి పత్రికను మాత్రమే దాచుకున్న మనిషికి ఇదే చరిత్ర. అసలు సంగతి 1945లో కొడుకు మిత్రరాజ్యాల అధికారులకు వాంగ్మూలం ఇచ్చాకే బయటి లోకానికి తెలిసింది.

ఆ కొడుకు చెప్పిన దాంట్లో నన్ను పట్టేసినవి రెండున్నాయి. నాన్న బయటికి నడుస్తుంటే ఇంట్లోని చిన్న కుక్కపిల్ల సంతోషంతో ఎగిరి మీదికొచ్చిందట. దాన్ని గదిలో పెట్టి తలుపేయమన్నాడు. రెండోది, కోటు తొడుక్కుంటూ పర్సు బయటికి తీశాడు. ఇందులో ఇంకా 150 మార్కులున్నాయి, తీసుకెళ్లనా అని అడిగాడు. ఇప్పుడు దానితో పనేముందండీ అన్నాడు సహాయకుడు.

150 మార్కులు! ఈ మాట వల్ల రోమెల్ వీరుడవడు, ద్రోహి అవడు, ఎవరికీ ఏ లాభమూ లేదు. చెప్పేవాడికి లాభం లేని వివరం పట్టుకోండి. అది కల్పించాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఇది నాకు పుస్తకాలు నేర్పింది కాదు, మా నాయనమ్మ దగ్గర తెలిసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ హార్బర్ మీద బాంబులేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పరిగెత్తింది. మావాళ్లు కొత్తవలస వైపు ఎడ్లబండిలో పోయారు. నాయనమ్మ ఈ కథ నా చిన్నప్పుడు చెప్పినప్పుడు విమానాలు రెండు. నేను కాలేజీకొచ్చేసరికి నాలుగయ్యాయి. మా చెల్లి పెళ్లిలో చుట్టాల ముందు చెప్పినప్పుడు ఏడు. విమానాలు పెరుగుతూనే పోయాయి గానీ, పొయ్యి మీద ఉలవచారు దించకుండా వచ్చేశామన్న మాట, తిరిగొచ్చి చూస్తే కుండ అడుగు నల్లగా మాడి పగిలిపోయిందన్న మాట ఎప్పుడూ మారలేదు. కొడుకు చెప్పిన 150 మార్కులు నాకు ఆ ఉలవచారు కుండే. మీ ఇంట్లోనూ ఆ రోజుల కథలు ఎవరో ఒకరు మోసుకొచ్చే ఉంటారు. జనరల్ పుస్తకం చదివే ముందు ఒకసారి ఆ కథ అడిగి, ఏది పెరుగుతోందో ఏది కదలడంలేదో గమనించండి.

ఒకే సంఘటన, రెండు కథలు

దీనికి మనకు దూరం పోవాల్సిన పనిలేదు. సాయంత్రం ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ చూసి, ఆ పక్కనే ఉన్న విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర కాసేపు నిలబడండి. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి కాస్త దూరంలో మునిగిపోయింది, అందులోని వాళ్లంతా పోయారు. మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలతో, అంటే నీళ్ల అడుగున పేలే బాంబులతో, మునిగిందని మనవాళ్లు అంటారు. లోపలి పేలుడు వల్లో, తాను పరిచిన మందుపాతరల వల్లో పోయిందని పాకిస్తాన్ అంటుంది. ఆ ఓడ మన సముద్రం అడుగునే ఉంది, అయినా ఇన్నేళ్లుగా రెండు కథలూ నడుస్తున్నాయి. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తన ఆత్మకథలో రాసుకున్నదీ, అవతలివాళ్లు రాసినదీ పక్కపక్కన పెట్టుకుని మూడు గళ్ల పేజీ ఒకటి నింపి చూడండి. కడుపులో కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఎందుకంటే ఇక్కడ మనమూ ఒక పక్షం. జర్మన్ జనరల్ విషయంలో సులువుగా వచ్చే నిష్పక్షపాతం ఇక్కడ ఎంత కష్టమో తెలిశాక, మళ్లీ రోమెల్ దగ్గరికి రండి.

మ్యాపు, పెట్రోలు

ఇప్పుడే పుస్తకం మొదటి పేజీ తెరవాలి. మొదటి అధ్యాయాలు, బాల్యం, బడి, ప్రేమ, వేగంగా తిప్పేయండి. సేనాపతి అయ్యాక మాత్రం మ్యాపు లేకుండా ఒక్క పేజీ కూడా చదవొద్దు. పుస్తకంలో మ్యాపు సన్నగా ఉంటే జిరాక్స్‌లో పెద్దది చేయించుకోండి, పెన్సిల్‌తో గీతలు గీసుకోవచ్చు.

దూరాల్ని మన దూరాలతో కొలవండి. రోమెల్ 1941 ఫిబ్రవరిలో దిగింది ట్రిపోలీలో. 1942లో ఆగిపోయింది ఈజిప్టులోని అలమైన్ దగ్గర. మధ్య దూరం సుమారు 2,000 కిలోమీటర్లు, ఇక్కణ్నుంచి రైల్లో ఢిల్లీ వెళ్లినంత. నీళ్లు, తిండి, గుండ్లు, పెట్రోలు అన్నీ ఆ దారంట లారీల్లో రావాలి, ఆ లారీలు దారిలోనే బోలెడు పెట్రోలు తాగేస్తాయి. రేవు ఊళ్లో పెరిగినవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. ఎన్ని ఓడలొచ్చినా బెర్తులు ఎన్ని, రోజుకు ఎన్ని టన్నులు దించగలరు అన్నదే లెక్క. పుస్తకం ఈ లెక్కలు చెప్పకుండా మెరుపుదాడులు, ఎడారి నక్క (రోమెల్‌కు పెట్టిన పేరు), మాయలు అంటూ పోతుంటే అది సినిమా కథ. మరీ ముందుకు చొచ్చుకుపోయి తన సరఫరా దారిని తానే సాగదీసుకున్నాడా, లేక పైవాళ్లు సామాను పంపలేదా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. మీ పుస్తకం ఏ వైపుందో మార్జిన్‌లో రాసుకోండి.

సూచికలో మనవాళ్లు

తర్వాత వెనక సూచికకు పోయి భారత్ అన్న మాట కింద ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. 1942 జూన్ 20న, లిబియాలో ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న టోబ్రూక్ రేవు కోట రక్షణ వలయం బద్దలైంది నాలుగో భారత డివిజన్‌కు చెందిన 11వ బ్రిగేడ్ కాపలా ఉన్న వైపు నుంచే. మర్నాడు కోట లొంగింది, ముప్పై వేల పైచిలుకు మంది ఖైదీలయ్యారు. ఆ గెలుపుతోనే రోమెల్ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ భారతీయుల్లో కొందరు తర్వాత జర్మనీలో సుభాష్ చంద్రబోస్ పెట్టిన దళంలో చేరారు. అదే డివిజన్‌లో మద్రాస్ శాపర్ల కంపెనీ కూడా ఉండేది. మద్రాస్ శాపర్లంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం, అప్పట్లో మన తెలుగువాళ్లు కూడా చేరేవారు. ఫీల్డ్ మార్షల్ కర్ర రోమెల్ చేతికి రావడంలో ఇంతమంది ఉంటే, చాలా పుస్తకాల్లో వాళ్లకు దక్కేది ఒకటిన్నర వాక్యం.

లేనివాళ్లను వెతికే ఈ పని ఇంకో చోట మరీ అవసరం. "రోమెల్ చేసినది పరిశుభ్రమైన యుద్ధం" అన్న మాట పాత పుస్తకాల్లో తరచూ వస్తుంది. 1942లో రోమెల్ సైన్యం వెనకే ఈజిప్టు వెళ్లి యూదుల్ని చంపడానికి వాల్టర్ రౌఫ్ అనే అధికారి కింద ఒక ఎస్‌ఎస్ (హిట్లర్ నాజీ పార్టీ సాయుధ సంస్థ) దళాన్ని తయారుచేసి ఏథెన్స్‌లో ఉంచారు. అలమైన్‌లో రోమెల్ ఆగిపోబట్టి అది ఈజిప్టు చేరలేదు. ఈ సంగతి పరిశోధకులు బయటపెట్టింది ఈ శతాబ్దంలోనే, కాబట్టి 1950 నాటి పుస్తకంలో దీని ఊసుండదు. అందుకే కనీసం ఒకటి పాతది, ఒకటి 2000 తర్వాత వచ్చింది, రెండూ కలిపి చదవమంటాను. హిట్లర్ హత్యకు కుట్ర పన్నుతున్నారని రోమెల్‌కు ముందే తెలుసా అన్న ప్రశ్నకు కూడా ఇదే మందు. ఆయన దగ్గర ముఖ్య అధికారిగా పనిచేసిన స్పైడెల్ 1949లోనే, రోమెల్ హిట్లర్ వ్యతిరేకుల పక్షమేనని రాశాడు. ఆ స్పైడెల్ తర్వాత నాటోలో పెద్ద పదవికెక్కాడు. చంపడానికి ఒప్పుకున్నాడా, కేవలం యుద్ధం ఆపాలనుకున్నాడా అన్నదాని మీద చరిత్రకారులు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఎంత టైము పడుతుంది

రోజుకు ముప్పై పేజీలు చొప్పున రెండు పుస్తకాలకు నెల. చివరి అధ్యాయం రెండోసారి, అన్నీ అయ్యాక మళ్లీ చదవండి. మొదటిసారి నమ్మినవాటిలో నాలుగైదు వాక్యాల పక్కన ఈసారి మీరే పెన్సిల్ పెడతారు. లైబ్రరీ పుస్తకమైతే గీతలు నోట్‌బుక్‌లోనే, దయచేసి.

నా 80 రూపాయల పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. ఊడిపోయిన పదహారు పేజీలు ఎక్కడా దొరకలేదు. చివరికి లైబ్రరీలో వేరే రచయిత రాసిన రోమెల్ పుస్తకంలోంచి చావు అధ్యాయం జిరాక్స్ తీయించి, వెనక అట్టకు స్టేపుల్ కొట్టాను. రెండు పుస్తకాల పేజీ నంబర్లు కలవవు. 240వ పేజీలో కారు బోల్తా పడి, 311వ పేజీలో ఆస్పత్రిలో కళ్లు తెరుస్తాడు.